చదివేవాళ్లు కావలెను
కోడ్ రాసేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. రాసింది చదివి తప్పు పట్టేవాళ్లే కరువు. ఆ విద్యకు కోల్‌కతాలో పాత చిరునామా ఒకటుంది.

2020 మే 20న ఆంఫన్ తుపాను కోల్‌కతాను కుదిపేసింది. తెల్లారి చూస్తే కాలేజీ స్ట్రీట్ నీళ్లలో పుస్తకాలు తేలుతున్నాయి. పాఠ్యపుస్తకాలు, నవలలు, పరీక్షల గైడ్లు తేడా లేకుండా అన్నీ తడిసి ముద్దయ్యాయి. నగరంలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ ఫోటోలు చూసి పుస్తకమంటే ప్రేమ ఉన్నవాళ్లంతా అయ్యో అన్నారు.

అయితే తడిసిన పుస్తకంలో ఒక నిజాయితీ ఉంది. తాను తడిశానని అది దాచదు. అట్ట ఉబ్బుతుంది, పేజీలు అతుక్కుంటాయి. ఎండబెట్టాలో పారెయ్యాలో చూసిన మనిషి తేల్చుకుంటాడు. కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కుకు ఆ నిజాయితీ లేదు. సరిగ్గా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైలు పేరు అలాగే ఉండొచ్చు, సైజూ అలాగే ఉండొచ్చు. లోపల ఒక ముక్క మాత్రం పాతదో, ఖాళీదో, మరో ఫైలుదో అయిపోతుంది. సంగతి ఆరు నెలల తర్వాత బయటపడుతుంది. అప్పటికి బ్యాకప్‌లోనూ అదే ముక్క చేరి ఉంటుంది.

అలా జరక్కుండా చూడాల్సిన బాధ్యత చాలావరకు ఒక చిన్న ప్రోగ్రామ్ మీద ఉంది. దాని పేరు డ్రైవర్. కంప్యూటర్ గుండెకాయ లాంటి కెర్నల్‌కూ, డిస్కుకూ మధ్య నిలబడే దుబాసీ అది. కెర్నల్ చెప్పేది డిస్కుకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, డిస్కు ఇచ్చే జవాబును ఉన్నదున్నట్టు మోసుకురావాలి. కంపెనీ రోజుల్లో దొరకు తెలుగు రాదు, రైతుకు ఇంగ్లిషు రాదు. ఇద్దరి మధ్య ఏం జరిగిందో దుబాసీకి ఒక్కడికే తెలుసు. దుబాసీ తప్పు చెబితే శిస్తు తారుమారయ్యేది. డ్రైవర్ తప్పు చెబితే బ్యాంకు ఖాతా, భూమి రికార్డు, పరీక్ష ఫలితం తారుమారవుతాయి.

మరి ఆ దుబాసీని తనిఖీ చేసేదెవరు? లైనక్స్ లాంటి ఓపెన్ సోర్స్ కెర్నల్‌లో దానికి ఒక ఏర్పాటుంది. రాసినవాడు కాక మరొకరు ఆ కోడ్‌ను లైను లైనుగా చదవాలి. చదివి ఒప్పుకుంటే తప్ప అది లోపలికి వెళ్లకూడదు. దీన్నే రివ్యూ అంటున్నారు. వినడానికి ఆఫీసు ఫైలు మీద సంతకంలా ఉంటుంది గానీ, మన కాలపు జ్ఞాపకాలన్నీ ఆ సంతకం మీదే ఆధారపడి ఉన్నాయి. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 అతివేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నదీ ఆ కెర్నలే.

పుట్టుకలోనే డిస్కు

లైనక్స్ కథే డిస్కుతో మొదలైంది. 1991 ఆగస్టులో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రపంచానికి చెబుతూ, అది ఏటీ రకం హార్డ్ డిస్కుల మీద తప్ప మరిదేని మీదా బహుశా ఎన్నటికీ పనిచేయదని ముందే ఒప్పుకున్నాడు. కారణం తన దగ్గర అదే ఉండటం. ఆ రోజుల్లోనే అతనికి మరో అనుభవం ఎదురైంది. మోడెం ద్వారా యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఫోన్ చేయబోయి, పొరపాటున ఆ డయలింగ్ ఆదేశాలను తన హార్డ్ డిస్కు మీదికే పంపాడు. అప్పటిదాకా తాను వాడుతున్న మినిక్స్ ఉన్న భాగం చెరిగిపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకునే బదులు, తన లైనక్స్‌లోనే ఉండిపోవాలని అతను నిర్ణయించుకున్నాడు. ప్రపంచాన్ని నడుపుతున్న కెర్నల్ వెనుక తప్పుడు చిరునామాకు వెళ్లిన ఒక ఆదేశం ఉందన్నమాట.

ఒక్క డిస్కుతో మొదలైన ఆ కెర్నల్ 2020 నాటికి సుమారు 2 కోట్ల 78 లక్షల లైన్లకు పెరిగింది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. కొత్త డిస్కు కంట్రోలర్ తయారుచేసిన కంపెనీ దాని డ్రైవర్‌ను ఒకే కట్టగా తెచ్చి పడేస్తానంటే కుదరదు. చిన్న చిన్న ప్యాచ్‌లుగా విడగొట్టాలి. ఒక్కో ప్యాచ్ ఒక్క పనే చేయాలి, ఎందుకు చేస్తోందో పైన మామూలు మాటల్లో రాయాలి. ఆ విభాగం చూసే మెయింటెయినర్, తోటి ఇంజనీర్లు చదివి ప్రశ్నలు వేస్తారు. సరిదిద్ది రెండోసారి, మూడోసారి, ఒక్కోసారి పదోసారి పంపాలి. చివరికి ప్యాచ్ కింద రాసినవాడి పేరుతోపాటు చదివి ఒప్పుకున్నవాడి పేరూ చరిత్రలో నిలిచిపోతుంది. 'ఇది తప్పక పనిచేస్తుంది' అని ఆ సంతకం హామీ ఇవ్వదు. 'నేను శ్రద్ధగా చదివాను, నాకు తెలిసినంతలో అభ్యంతరం లేదు' అని మాత్రమే చెబుతుంది. గెజిటెడ్ సంతకాలు చూసి పెరిగిన మనకు ఈ నమ్రత కొత్తే.

ఏం వెతుకుతారు?

చదివేవాడి కన్ను దేనికోసం వెతుకుతుందో తెలిస్తే ఈ పని విలువ తెలుస్తుంది. నాలుగు మచ్చుతునకలు చూద్దాం.

మొదటిది అబద్ధం. ప్రతి డిస్కులోనూ క్యాష్ అనే చిన్న తాత్కాలిక జ్ఞాపకం ఉంటుంది. కెర్నల్ ఇచ్చిన సమాచారాన్ని డిస్కు ముందు అందులో వేసుకుని 'రాసేశాను' అంటుంది. నిజానికి ఇంకా రాయలేదు, జేబులో పెట్టుకుంది. ఈలోపు కరెంటు పోతే జేబు ఖాళీ. అందుకే ముఖ్యమైన చోట్ల 'జేబులో ఉన్నదంతా ఇప్పుడే రాసెయ్' అని ఫ్లష్ ఆదేశం ఇవ్వాలి. ఈ డిస్కుకు అలాంటి జేబుందని కెర్నల్‌కు చెప్పాల్సింది డ్రైవరే. ఆ ఒక్క లైను మరిచిపోయినా పరీక్షల్లో ఏ లోపమూ కనిపించదు. పైగా వేగం పెరిగినట్టు కనిపిస్తుంది! కరెంటు పోయిన రోజునే బండారం బయటపడుతుంది. లోడ్‌షెడింగ్ అనే మాట ఇంటి భాషలో కలిసిపోయిన కోల్‌కతా పాత తరానికి దీన్ని వేరే వివరించనక్కర్లేదు.

రెండోది తొందర. డిస్కుకు ఒక ఆదేశం వెళ్లింది, 30 సెకన్లు గడిచినా జవాబు రాలేదు. డ్రైవర్ విసిగి ఆ ఆదేశాన్ని రద్దు చేసి, దానికోసం కేటాయించిన మెమరీని మరొకరికి ఇచ్చేసింది. అప్పుడు నిద్రలేచిన డిస్కు తాను తెచ్చిన సమాచారాన్ని పాత చిరునామాలోనే దించేస్తుంది. పాత అద్దెదారు ఎప్పుడో ఆర్డరిచ్చిన బీరువాను, ఇల్లు మారాక, కూలీలు కొత్తవాళ్ల పడగ్గదిలో దించిపోయినట్టు. అందుకే చదివేవాడు అన్నీ సవ్యంగా సాగే దారిని పైపైన చూసి, అంతా చెడిపోయే దారిలో ఎక్కువసేపు నడుస్తాడు. మెమరీని వదిలే ముందు డిస్కు చేతులు నిజంగా కట్టేశారా అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

మూడోది చిక్కుముడి. మెమరీ నిండిపోతే కెర్నల్ కొంత సమాచారాన్ని డిస్కు మీదికి పంపి చోటు చేసుకుంటుంది. ఆ రాత పని చేయాల్సిన డ్రైవర్ సరిగ్గా అప్పుడే 'నాకు కాస్త మెమరీ కావాలి' అని అడిగితే? డిస్కు మీద రాస్తే గాని మెమరీ దొరకదు, మెమరీ దొరికితే గాని డిస్కు మీద రాయలేదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత కెర్నల్ ఇంజనీర్ల కోసమే పుట్టిందనిపిస్తుంది. కంప్యూటర్ అలా బిగుసుకుపోతుంది. దీనికి మందు డ్రైవర్‌లో ఒక చిన్న గుర్తు: 'డిస్కు జోలికి వెళ్లకుండా దొరికితేనే ఇవ్వు' అని అడగడం. ఆ గుర్తు లేకపోవడాన్ని పట్టుకునేది అనుభవమున్న కన్నే.

నాలుగోది అంకెల వరస. గడియాహాట్ బజార్లో బేరమాడిన తెలుగువాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. మనం ఇరవై ఒకటి అంటాం: పెద్దది ముందు, చిన్నది వెనుక. బెంగాలీలో అదే 'ఏకుశ్': ఒకటి ముందు, ఇరవై వెనుక. సంఖ్య ఒక్కటే, చదివే వరస వేరు. కంప్యూటర్లలోనూ ఈ రెండు తెగలున్నాయి. స్కజీ రకం డిస్కు ఆదేశాల్లో పెద్ద భాగం ముందొస్తుంది, ఇంటెల్ ప్రాసెసర్లలో చిన్న భాగం ముందొస్తుంది. మధ్యలో తిప్పి రాయడం డ్రైవర్ పని. కొన్ని పెద్ద ఐబీఎం యంత్రాల వరస ఇంటెల్‌కు వ్యతిరేకం కాబట్టి, ఇంటెల్ మీద బాగా నడిచిన డ్రైవర్ అక్కడ బోల్తాపడొచ్చు. రాసినవాడి బల్ల మీద ఆ యంత్రం ఉండదు. చదివేవాడి బుర్రలో ఉండాలి.

ఈ తనిఖీ లేకపోతే ఏమవుతుందో 2003 అక్టోబర్‌లో తెలిసొచ్చింది. మాండ్రేక్ లైనక్స్ 9.2 ఎక్కించబోయిన కొందరి ఎల్‌జీ సీడీరామ్ డ్రైవ్‌లు మూగబోయాయి. అప్పటికి ప్రధాన కెర్నల్‌లో చేరని ఒక ప్యాచ్‌ను ఆ సంస్థ తన కెర్నల్‌లో కలుపుకుంది. సీడీల మీద రాసే డ్రైవ్‌ల కోసం ఉద్దేశించిన ఆ ప్యాచ్, చదవడం మాత్రమే వచ్చిన డ్రైవ్‌లకు కూడా ఫ్లష్ ఆదేశం పంపింది. రాయడమే రాని డ్రైవ్‌కు ఆ ఆదేశంతో పనేముందనుకున్నారో ఏమో, ఎల్‌జీ తన డ్రైవ్‌లలో అదే సంకేతాన్ని ఫర్మ్‌వేర్ మార్చడానికి వాడుకుంది. ఇటువాళ్లు అడగకూడనిది అడిగారు, అటువాళ్లు వాడకూడని సంకేతాన్ని వాడారు. రెండు తప్పులు కలిస్తే ఒక వస్తువు చచ్చిపోయింది. 'ఈ డ్రైవ్‌కు రాయడం వచ్చా?' అని ఎవరైనా ముందే అడిగి ఉంటే సరిపోయేది.

బారానగర్ నుంచి కెర్నల్ దాకా

ఇక కోల్‌కతా సంగతి. నగరానికి ఉత్తరాన బారానగర్‌లో, బి.టి. రోడ్డు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ నెలకొల్పిన సంస్థ. దేశానికి తొలి డిజిటల్ కంప్యూటర్ హెచ్‌ఈసీ-2ఎం ఇంగ్లండ్ నుంచి 1955లో ఇక్కడికే వచ్చింది. సమాచారాన్ని దాచుకోవడానికి దానికున్నది 1024 పదాలు పట్టే అయస్కాంతపు డ్రమ్ము. 1966 నాటికి ఈ సంస్థా, జాదవ్‌పూర్ యూనివర్సిటీ కలిసి ఐఎస్‌ఐజేయూ-1 అనే సొంత కంప్యూటర్‌నే తయారుచేసుకున్నాయి.

మన కథకు అసలు బంధం అంతకన్నా లోతైనది. 1930ల మొదట్లో మహలనోబిస్ దగ్గర చేరిన గణితవేత్త రాజచంద్ర బోస్ 1949లో అమెరికాలోని నార్త్ కరోలినాకు వెళ్లాడు. కలకత్తా యూనివర్సిటీలో చదివిన ద్విజేంద్ర కుమార్ రాయ్‌చౌధురి అక్కడ ఆయన శిష్యుడయ్యాడు. సంకేతాల్లో దొర్లిన తప్పులను తమంతట తామే దిద్దుకోగల కోడ్‌లను 1960లో ఆ ఇద్దరూ ప్రకటించారు. ఫ్రాన్స్‌లో హోకెంగెమ్ అంతకు ఏడాది ముందే విడిగా అదే కనిపెట్టాడు. అందుకే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో వాటిని బీసీహెచ్ కోడ్‌లంటారు. పెన్ డ్రైవ్‌లలో, సెట్ టాప్ బాక్సుల్లో ఉండే ఫ్లాష్ మెమరీకి ఒక జబ్బుంది. కాలం గడిచేకొద్దీ కణాల్లోని విద్యుదావేశం కారిపోయి ఒకటి సున్నాగానో, సున్నా ఒకటిగానో మారుతుంది. దానికి బీసీహెచ్ మందు. ప్రతి 512 బైట్లకు 7 బైట్లు అదనంగా రాసిపెడితే, అందులో ఎక్కడైనా నాలుగు బిట్ల దాకా చెడినా ఏవి చెడ్డాయో లెక్కగట్టి సరిదిద్దవచ్చు. 2011లో లైనక్స్ కెర్నల్‌లో ఈ లెక్క చేసే ఉమ్మడి విభాగం చేరింది. సొంతంగా ఆ లెక్క చేయలేని ఫ్లాష్ కంట్రోలర్ల డ్రైవర్లు దాన్నే ఆశ్రయిస్తాయి. కొత్త ఎస్‌ఎస్‌డీలు ఎల్‌డీపీసీ అనే మరో పద్ధతి వైపు మళ్లినా బోస్, చౌధురిలకు పని తప్పలేదు. టీకొట్టు దగ్గర చెల్లింపుకు స్కాన్ చేసే క్యూఆర్ గళ్లలో, ఆ బొమ్మను ఎలా చదవాలో చెప్పే 15 బిట్లను కాపాడేదీ బీసీహెచ్ కోడే. కోల్‌కతా చాయ్‌వాలా గోడ మీద ఇద్దరు కోల్‌కతా లెక్కల మాస్టార్లు కాపలా ఉన్నారన్నమాట.

ఇందులో తెలుగువాడి వాటా కూడా ఉంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివిన సి.ఆర్.రావు సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దక్కక, 1941 జనవరి 1న మహలనోబిస్ దగ్గర చేరారు. నాలుగు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. బోస్ పాఠాలు చెప్పినవారిలో ఆయన ఒకరు. 1940లలో రావు ప్రతిపాదించిన ఆర్తోగోనల్ ఎరేలు మొదట పొలాల్లో ప్రయోగాల కోసం పుట్టినా, తర్వాత తప్పులు దిద్దే కోడ్‌లకు అవే చుట్టాలని తేలింది. కోడ్‌ల శాస్త్రంలో హామింగ్ పరిమితికి జంటగా నేటికీ రావు పరిమితిని చెబుతారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న ఆయన, అదే ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బారానగర్ మనకిచ్చింది సూత్రాలు మాత్రమే కాదు, ఒక దృష్టి కూడా. 1937లో బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణం లెక్కించడానికి పూనుకున్న మహలనోబిస్‌కు కొలిచేవాళ్లూ మనుషులేననీ, తప్పులు చేస్తారనీ తెలుసు. ఆయన వాళ్లను తిట్టలేదు, ప్రమాణాలు చేయించలేదు. ఒకే ప్రాంతం నుంచి రెండు వేర్వేరు నమూనాలు తీసి రెండు వేర్వేరు బృందాలకు అప్పగించే పద్ధతి పెట్టారు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే సరే, దూరమైతే ఎక్కడో మానవ తప్పిదం ఉన్నట్టు. తప్పు జరుగుతుందని ముందే ఒప్పుకుని దాన్ని పట్టుకునే ఏర్పాటు చేసుకోవడమే ఇందులోని తెలివి. కెర్నల్ రివ్యూ చేస్తున్నదీ అదే: రాసినవాడి కన్ను ఒకటి, చదివినవాడి కన్ను మరొకటి.

కన్నుగప్పిన తప్పులు

ఇంత చేసినా తప్పులు జారిపోవా? జారిపోతాయి. 2015లో ఆల్గోలియా అనే సెర్చ్ కంపెనీ సర్వర్లలో ఫైళ్ల మధ్య ముక్కలు సున్నాలైపోయాయి. అనుమానం శామ్‌సంగ్ ఎస్‌ఎస్‌డీల మీద పడింది. శామ్‌సంగ్ ఇంజనీర్లు కూర్చుని వెతికితే దోషం కెర్నల్‌లోనే, అనేక డిస్కులను కలిపి వాడేచోట అక్కర్లేని భాగాలను ఖాళీ చేయించే కోడ్‌లో తేలింది. దిద్దుబాటూ వాళ్లే రాశారు. 2018 చివర్లో 4.19 కెర్నల్ వాడిన కొందరి ఫైళ్లు చెడిపోతే వారాలపాటు అందరూ ఫైల్ సిస్టమ్‌ను తిట్టారు. తీరా చూస్తే తప్పు దాని కింద ఉండే బ్లాక్ విభాగానిది. ఈ రెండు చోట్లా తప్పున్న కోడ్ రివ్యూ దాటి వచ్చిందే.

అయితే ఒక తేడా గమనించాలి. తలుపులు మూసిన సాఫ్ట్‌వేర్ అయితే ఆల్గోలియా శామ్‌సంగ్‌ను నిందించేది, శామ్‌సంగ్ మరొకరిని నిందించేది, వాడుకరి కొత్త డిస్కు కొనుక్కునేవాడు. తలుపులు తెరిచి ఉన్నాయి కాబట్టి అనుమానితుడే లోపలికొచ్చి అసలు దోషిని పట్టుకున్నాడు.

కానీ తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఇంట్లోకి ఎవరైనా వచ్చి చూస్తున్నారని కాదు. కళ్లు ఎక్కువైతే తప్పులు దాగవన్నది ఓపెన్ సోర్స్ వాళ్ల నమ్మకం. అన్ని కళ్లు నిజంగా ఉన్నాయా అన్నదే చిక్కు. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2020లో కావాలనే లోపాలున్న ప్యాచ్‌లు పంపి రివ్యూను పరీక్షించారు. సంగతి 2021 ఏప్రిల్‌లో రచ్చకెక్కి ఆ యూనివర్సిటీని కెర్నల్ నుంచి బహిష్కరించారు. అక్కడి నుంచి అంతకు ముందొచ్చిన ప్యాచ్‌లన్నీ మళ్లీ చదవాల్సి వచ్చింది. చేసిన పద్ధతి దుర్మార్గమే, వేసిన ప్రశ్న మాత్రం పనికిమాలింది కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడినప్పుడు అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. అలసిపోయిన ఒంటరి మెయింటెయినర్‌కు రెండేళ్లపాటు సాయం చేస్తున్నట్టు నటించిన అజ్ఞాత వ్యక్తి ఆ పని చేశాడు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీర్ కుతూహలపడటం వల్లే ప్రపంచం బతికిపోయింది. దొంగ వాడుకున్నది కోడ్‌లోని లోపాన్ని కాదు, చదివేవాళ్ల కొరతను.

డిస్కు డ్రైవర్లలో ఆ కొరత మరీ ఎక్కువ. చదవాలంటే భాష వస్తే చాలదు, ఆ హార్డ్‌వేర్ మనసు తెలియాలి. తెలిసినవాళ్లు సాధారణంగా దాన్ని తయారుచేసిన కంపెనీలోనే ఉంటారు. అంటే రాసేవాడూ చదివేవాడూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. కుర్రాడి ప్యాచ్‌ను మేనేజరు ఓకే చేయడాన్ని రెండో కన్ను అనలేం. బయటి మెయింటెయినర్‌కు ఆ కంట్రోలర్ పత్రాలు అందవు, ఒక్కోసారి ఆ కార్డూ ఉండదు. పాత హార్డ్‌వేర్‌కైతే అనాథ బతుకే. 2019లో ఫ్లాపీ డ్రైవర్‌ను చూసే మెయింటెయినర్ దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవే లేకపోవడంతో టోర్వాల్డ్స్ దాన్ని అనాథగా ప్రకటించాల్సి వచ్చింది. తర్వాత మరొకరు ముందుకొచ్చి దాన్ని దగ్గరకు తీశారు.

మన మాటేమిటి?

ఇక్కడ మన సంగతికి రావాలి. బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని డిస్కు కంట్రోలర్ల డ్రైవర్లు రాస్తున్నవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. కెర్నల్‌లో ఏ విభాగం ఎవరి బాధ్యతో చెప్పే మెయింటెయినర్స్ జాబితా తిరగేస్తే భారతీయుల పేర్లు, వాటిలో తెలుగు పేర్లూ కనిపిస్తాయి. సంతోషించాల్సిన విషయమే. అయితే వాళ్లలో చాలామంది తమ కంపెనీ డ్రైవర్‌కు కాపలాదారులు. తమది కాని డ్రైవర్‌ను, జీతం ఇవ్వని పనిని, కుతూహలం కొద్దీ చదివేవాళ్లు ఎందరు?

తప్పు వాళ్లది కాదు, మనం పెంచిన తీరుది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్లలో ఒక్కసారైనా మరొకరి కోడ్‌ను చదివి దాని మీద అభిప్రాయం రాయమని అడుగుతున్నామా? ఫైనలియర్ ప్రాజెక్టంటే చాలామందికి అమీర్‌పేటలో బైండింగుతో సహా దొరికే వస్తువు. కొన్నవాడే చదవని ప్రాజెక్టును ఎగ్జామినర్ ఎందుకు చదువుతాడు? ఉద్యోగంలో చేరాక కూడా ఇన్ని లైన్లు రాశాడన్నది ఏడాది చివరి లెక్కల్లోకి వస్తుంది. పక్కవాడి కోడ్‌లో తప్పు పట్టి ఒక డిస్కును కాపాడాడన్నది ఏ కాలమ్‌లోనూ పట్టదు. జరగని నష్టానికి రసీదు ఉండదు కదా. దానికి తోడు మన మొహమాటం. సీనియర్ రాసినదానిలో తప్పుందని జూనియర్ అంటే పొగరు, జూనియర్‌ది సీనియర్ వెనక్కి పంపితే కక్ష. తప్పును మనిషి నుంచి విడదీసి చూడటం మనకింకా అలవాటు కాలేదు. మహలనోబిస్ ఎనిమిదిన్నర దశాబ్దాల కిందట జనపనార పొలాల్లో నేర్పిన పాఠం అదే.

ప్రభుత్వాలకూ ఇందులో పాత్ర ఉంది. సీడాక్ 2007లో బాస్ లైనక్స్ విడుదల చేసినప్పుడు స్వావలంబన గురించి చాలా మాట్లాడుకున్నాం. వేరేవాళ్లు రాసిన కెర్నల్ మీద మన పేరు, మన లిపి అతికించడం స్వావలంబనలో మొదటి మెట్టు మాత్రమే. అందులోని డిస్కు డ్రైవర్‌ను చదివి, ఇక్కడ తప్పుందని ప్రపంచానికి చెప్పగలిగే వందమందిని తయారుచేయడం అసలు మెట్టు. దానికి ఫ్యాక్టరీలు అక్కర్లేదు, భూసేకరణ అంతకన్నా అక్కర్లేదు. కోల్‌కతా చాందినీ చౌక్‌లోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కొన్న నాలుగు పాత డిస్కులు, రాస్తుండగా ప్లగ్గు పీకేసి ఏం పోయిందో చూసే ఓపిక, తోడుండే మంచి గురువు ఉంటే చాలు. ఒక కాలేజీలో ఏటా పదిమంది విద్యార్థులు తలా ఒక డ్రైవర్‌ను చదివి, ఒక్కో నిజమైన ప్రశ్న వేసినా కెర్నల్‌కు మేలే, వాళ్లకు ఇంకా మేలు. రాయడం వచ్చినవాడు చదవడం నేర్చుకుంటే మునుపటిలా రాయడు.

కంప్యూటర్లే కోడ్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఈ మాట మరింత అవసరం. రాత చవకైపోయింది. నిమిషంలో డ్రైవర్ లాంటిది తయారవుతుంది, చూడటానికి తీరుగానే ఉంటుంది. ఫ్లష్ ఆదేశం మరిచిపోయిందా, మెమరీని తొందరపడి వదిలేసిందా అన్నది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే. రాసేవాళ్లు పెరిగేకొద్దీ చదివేవాళ్ల విలువ పెరుగుతుంది.

కాలేజీ స్ట్రీట్ మళ్లీ కోలుకుంది. ఆ వీధిలో అచ్చయ్యే ప్రతి పుస్తకం వెనుకా ఒక ప్రూఫ్ రీడర్ ఉంటాడు. పుస్తకం మీద అతని పేరుండదు. పుస్తకంలో తప్పు దొరికినప్పుడే అతను గుర్తొస్తాడు, దొరకనన్నాళ్లూ లేనట్టే. కెర్నల్ కాస్త దయగలది, చదివినవాడి పేరు కూడా కింద వేస్తుంది. అక్కడ ఖాళీలు చాలానే ఉన్నాయి.